లింగమూర్తి మూరకర్ర

మా బావ లింగమూర్తికి టేపంటే మంట. సిద్దిపేటలో ఇప్పుడు ఏ వడ్రంగి నడుముకు చూసినా టేపు వేలాడుతూనే ఉంటుంది, ఆఖరికి కిటికీలకు దోమల జాలీలు కొట్టేవాళ్ల దగ్గర కూడా. మా బావ దగ్గర చెక్కడానికి బాడిస ఉంటుంది, రంపం ఉంటుంది, చెవి మీద పెన్సిలు ఉంటుంది. టేపు మాత్రం ఉండదు. ఎవరైనా మర్యాదకు తమ టేపు చాచి ఇవ్వబోతే రెండడుగులు వెనక్కి వేసి, "గది ఎవల చెయ్యి చూసి చేసిండ్రు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు నాకు ఇన్నేళ్లలో జవాబు దొరకలేదు. దొరికినా ఆయన వినే రకం కాదు.

నంగునూరు పోయే తోవలో ఆయన కట్టుకున్న పెంకుటిల్లు ఉంది. కప్పు అంత కిందికి ఎందుకు దించావని ఎవరైనా అడిగితే, అక్కడ గాలి ఎక్కువ, అందుకని ఆలోచించి దించానని చెబుతాడు. నమ్మకండి. అక్కడ గాలి అందరికీ వీచినంతే వీస్తుంది. అసలు సంగతి నాకు తెలుసు, ఎందుకంటే ఆ కప్పుకు కట్టె కోసింది నేనే.

నా పేరు శ్రీనివాస్. మెదక్ రోడ్డులో నాకు చిన్న సామిల్లు ఉంది. లింగమూర్తి మా అక్క కొమురవ్వ భర్త, అంటే నాకు ఇటు బావ, అటు గిరాకీ. ఈ రెండూ ఒకే మనిషై వస్తే బామ్మర్ది బతుకు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. బావ కదా అని బేరం ఆడలేను, గిరాకీ కదా అని తిట్టలేను. ఆయన మాత్రం ఆ రెండు పనులూ నాతో హాయిగా చేస్తాడు.

మా వడ్లవాళ్లలో, అంటే వడ్రంగుల్లో, పాత పద్ధతి ఒకటుంది. ఇల్లు ఎవరిదైతే వాళ్ల మూరతోనే కట్టాలి. మోచేయి నుంచి నడిమి వేలి కొస దాకా యజమాని చెయ్యి కొలిచి, అంతే పొడుగున టేకు కర్ర ఒకటి చెక్కి, పసుపు కుంకుమ పెట్టి, పునాదికి ముగ్గు పోసిన నాటి నుంచి కప్పు పడే దాకా ఆ కర్రతోనే అన్నీ కొలవాలి. దాన్ని మూరకర్ర అంటారు. ఒకసారి పూజ అయ్యాక దాని మాటే మాట. మధ్యలో మళ్లీ చెయ్యి ఆనించి సరిచూస్తే తప్పు, టేపు పెడితే ఇంకా తప్పు. మళ్లీ దూలం ఎత్తే రోజున మాత్రం అందరి ముందూ యజమాని చేతికి ఆ కర్రను ఆనించి చూపించి, కర్ర అబద్ధం ఆడలేదు అనిపించుకుని, అప్పుడు దూలం లేపుతారు.

ఈ పద్ధతి ఇప్పుడు మా బావకు తప్ప ఎవరికీ పట్టదు. ఆయనకు మాత్రం ప్రాణం. పని మొదలుపెట్టే రోజున ఎంతటి మనిషి ముందైనా, తాను పొద్దస్తమానం అరే ఒరే అని పిలిచే దోస్తు ముందైనా సరే, కండువా నడుముకు చుట్టుకుని, వంగి, "యజమానీ, చెయ్యి చాపుండ్రి" అంటాడు. ఆ ఒక్క మాటలో ఆయనకు ఎక్కడ లేని మర్యాద వస్తుంది. తర్వాత మామూలే.

మర్కూక్‌లో రిజర్వాయర్ కట్ట కింద ఫామ్‌హౌస్ కట్టుకున్న ఓంప్రకాశ్ అనే పెద్దమనిషి, తాను హైదరాబాద్ నుంచి రాలేనని, చెయ్యి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. బావ ఆ ఫోటోను ఇటూ అటూ తిప్పి చూసి ఫోన్ చేశాడు. "సారూ, గీ చెయ్యి నా అంగి జేబుల పడుతుంది. గింతంత ఇంట్ల పండుకుంటవా?" అని పెట్టేశాడు. ఆ పెద్దమనిషి మరుసటి ఆదివారమే కారేసుకుని వచ్చి, చొక్కా చెయ్యి మడిచి నిలబడ్డాడు. నంగునూరులో ఒకాయనకు చేతులు పొట్టి. ఇల్లూ పొట్టిగానే వచ్చింది, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. ఆయన భార్య ఇప్పటికీ మా బావ కనబడితే మొహం తిప్పుకుంటుంది. చెయ్యి ఆమె మొగుడిది, నాదా, అంటాడు ఈయన.

లెక్క మాత్రం ముచ్చటైనది, ఒప్పుకోవాలి. రెండు వైపులా వాలుగా దిగే కప్పుకు నడిమి దూలం నుంచి గోడల దాకా ఏటవాలుగా వాసాలు పడాలి, అవి గోడ దాటి బయటికి రావాలి. ఆ బయటికి వచ్చేదే చూరు. ఇల్లు వెడల్పు ఎనిమిది మూరలనుకోండి. అందులో సగం నాలుగు. నాలుగు మూరల అడ్డానికి మూడు మూరల ఎత్తున దూలం పెడితే, దూలం నుంచి గోడ దాకా వాసం సరిగ్గా అయిదు మూరలు పడుతుంది. చూరుకు ఒక మూర కలిపితే ఆరు. కాగితం లేదు, కాలిక్యులేటర్ లేదు. పొడుగు మనిషి మూరైనా, పొట్టి మనిషి మూరైనా ఈ పొందిక తప్పదు. ఒక్కటే షరతు, గోడకూ వాసానికీ ఒకే మూర కావాలి.

వాసాలు ఎన్ని కావాలో లెక్కపెట్టడం ఇంకో ముచ్చట. మూరకు ఒక వాసం. ఇల్లు పన్నెండు మూరల పొడుగైతే, ఆఖరి కొసన ఒకటి ఎక్కువ పడుతుంది కాబట్టి ఒక్కో వైపు పదమూడు. వాటిని ఇంద్ర, యమ, రాజు, మళ్లీ ఇంద్ర, యమ, రాజు అని వేళ్లు మడుస్తూ లెక్కిస్తాడు. ఆఖరిది యముడి మీద పడకూడదు. పదమూడోది ఇంద్రుడి మీద పడుతుంది, బాగు. ఒకసారి నేను, ఏదైనా విరిగితే పనికొస్తుంది, వైపుకు ఇంకొకటి కోయించుకో బావా అన్నాను. నీ గల్లా నింపుకోవడానికి ఇంటి మీదికి యముణ్ణి తెస్తావా అని సామిల్లంతా వినబడేలా తిట్టాడు. అక్కడున్న గిరాకీలు నన్ను అదోలా చూశారు.

ఇన్ని ఇళ్లకు కప్పు వేసిన మనిషి తాను మాత్రం కిరాయి ఇంట్లో, స్లాబు కింద, ఎండాకాలమంతా ఉడికిపోతూ బతికాడు. ఊళ్ల మీద కోతులు పడి పెంకులు పీకడం మొదలయ్యాక అందరూ స్లాబులకు మళ్లారు, ఆయనకు కప్పు పనులు కరువయ్యాయి. దర్వాజాలు, కిటికీలు చేస్తూ, ప్రతి స్లాబునూ తిడుతూ కాలం గడిపాడు. అలాంటి రోజుల్లో మా అక్క, ఏళ్ల తరబడి బీడీలు చుట్టి చిట్టీ కట్టి, నంగునూరు తోవలో చిన్న జాగ కొన్నది. రిజిస్ట్రీ ఆమె పేరు మీదే అయింది. ఆ రోజు బావ ఎక్కడో దర్వాజా ఎత్తే పనిలో ఉన్నాడు. సాక్షి సంతకం నేను పెట్టాను.

జాగ చూసిన రోజే బావ ఇక్కడ పెంకుటిల్లు లేస్తుందని చెప్పాడు. కోతుల సంగతి అడిగితే, ప్రతి పెంకునూ తీగతో కడతానన్నాడు. అక్క సరేనంది. ఆమెకు పెంకైనా ఒకటే, స్లాబైనా ఒకటే. ఆమె కోరుకున్నది వేరే ఉంది, అది నాకు ముగ్గు పోసే రోజున తెలిసింది.

ఆ పొద్దున అక్క తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వచ్చింది. బావ టేకు ముక్క తీసి చేతిలో పట్టుకోగానే ఆమె ముందుకొచ్చి నిలబడి, కుడి చేతి గాజులు పైకి జరుపుకుంది. నేను చూశాను. బావ చూడలేదు. ఆయన తన చొక్కా చెయ్యి తానే మడిచి, తన మోచేయి తానే కర్ర మీద ఆనించి, ఎడమ చేత్తో గీత గీసుకున్నాడు. ఆ నిత్యం చెప్పే మర్యాద మాట కూడా నోట రాలేదు, తనకు తాను చెప్పుకోవడం ఎందుకని కాబోలు. అక్క గాజులు మళ్లీ కిందికి జరుపుకుంది. తర్వాత అందరికీ చాయ్ పోసింది. నాకు పోసేటప్పుడు గ్లాసు నిండి నా చెయ్యి మీద పొంగింది.

ఎనిమిది మూరల వెడల్పున గోడలు లేచాయి. రెండు కొసలా త్రికోణం గోడలు కూడా బావ మూరతో మూడు మూరల ఎత్తుకు లేచాయి. ఇంకా దసరాకు వారం ఉందనగా అక్క నా సామిల్లుకు వచ్చింది. టేకు ముక్క ఒకటి కావాలంది. దేనికని అడిగితే పప్పు గుత్తికని చెప్పింది. సరేనని మంచి ముక్క ఏరి ఇచ్చాను. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, మోచేయి ఒక కొసకు ఆనించి, చెయ్యి చాచి, నడిమి వేలి దగ్గర పెన్సిలుతో గీత పెట్టింది. పప్పు గుత్తికి మోచేతితో పనేముంటుంది? నేను అక్క మొహం చూశాను. అక్క కూడా దాచుకోలేదు.

"అక్కా, బావకు ఒక్క మాట చెప్పరాదు? నీ జాగనే గద, గా మాత్రం తెలువదా ఆయనకు" అన్నాను.

"చెప్తే ఇస్తడు తమ్మీ. అడిగి ఇప్పిచ్చుకుంటే గది నాదెట్లైతది? మంది ఇండ్లకు పోయి, పొట్టోనికి పొడుగోనికి అందరికి వంగి చెయ్యి చాపుండ్రి అన్నడు. ముప్పై ఏండ్లు ఎన్క నిలవడి ఇన్న. నా జాగల నిలవడి గూడ ఆ మాట నాకు రాలె."

గీత మీద రంపం పెట్టి కోసి, అంచులు నున్నగా చేసి ఇచ్చాను. ఆమె కొంగులో చుట్టుకుని పోయింది. ఇంట్లో ఏమవుతుందోనని భయం ఒక పక్క, ఏమవుతుందో చూడాలని ఆత్రం ఒక పక్క. నిజం చెప్పాలంటే ఆత్రమే ఎక్కువ.

దసరాకు పనిముట్లు కడిగి పూజ చెయ్యడం మాకు ఆచారం. కడిగేది ఎప్పుడూ ఆడవాళ్లే. బాడిస, ఉలులు, రంపం అన్నీ కడిగి తుడిచి, పీట మీద వరసగా పేర్చి, పసుపు రాసి కుంకుమ పెట్టింది అక్క. మూరకర్రకు మాత్రం ఆ ఏడు పసుపు కాస్త దండిగా రాసింది. టేకు రంగు కనబడనంతగా. బావ స్నానం చేసి వచ్చి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, పనిముట్ల ముందు సాష్టాంగం పడ్డాడు. లేచి మూరకర్రను రెండు కళ్లకూ అద్దుకున్నాడు. నేను పండుగ భోజనానికి వెళ్లి అక్కడే ఉన్నాను. నవ్వు ఆపుకోలేక పాయసం కోసమని వంటింట్లోకి పోయాను.

పండుగ వెళ్లాక బావ ఆ కర్ర పట్టుకుని సామిల్లుకు వచ్చాడు. ఆయన ముందే చెప్పినట్టు మద్ది కట్టెను ఆరు మూరలకు నాలుగు వేళ్లు ఎక్కువ ఉండేలా కోసి పెట్టాను. అది పాత కర్రతో చెప్పిన కొలత. ఇప్పుడు బావ కొత్త కర్ర పెట్టి ఆరుసార్లు కొలిచి, ఒక వాసాన్ని కోయించి, దాన్ని అచ్చుగా పెట్టుకుని మిగతావన్నీ కొయ్యమన్నాడు. అక్క కర్ర ఆయన కర్ర కన్నా రెండంగుళాలు చిన్నది. ఆరు మూరల్లో అడుగు తేడా. నాకు తెలుసు. తెలిసి కూడా, ఒక్కసారి అవకాశం ఇద్దామని, బావా, ఊరికే టేపు పెట్టి చూద్దామా అన్నాను.

అంతే. టేపు పుట్టక ముందు ఇళ్లు కట్టలేదా అని మొదలుపెట్టి, నా సామిల్లునూ, నా మిషన్‌నూ, నా చదువునూ, చివరికి నేను పుట్టిన ఘడియనూ కలిపి తిట్టాడు. కర్ర మాట తప్పదన్నాడు. సరే మహానుభావా అని మిషన్ ఆన్ చేశాను.

కోస్తుంటే కింద ముక్కలు గుట్ట పడ్డాయి. నాలుగు వేళ్లు మిగలాల్సిన చోట జానెడున్నర ముక్క మిగిలింది. ఆ గుట్ట చూసైనా ఆయనకు అనుమానం రావాలి. వచ్చింది కూడా, నా మీద. బిల్లు పెంచడానికి కావాలనే పొడుగు కట్టె అంటగట్టానని, సొంత అక్క ఇల్లని కూడా చూడలేదని అందరి ముందూ అన్నాడు. సొంత అక్క ఇల్లు అన్న మాట ఆయన నోటి నుంచే వచ్చింది కదా అని ఊరుకున్నాను. సాయంత్రం అక్క వచ్చి ముక్కలన్నీ సంచిలో వేసుకుని పోయింది. పొయ్యిలోకా అంటే, చూద్దాంలే అంది.

దూలం ఎత్తడానికి ముందు ఒక జత వాసాలు పెట్టి చూసుకోవడం అలవాటు. కార్తీకంలో ఒక పొద్దున బావ, తాపీ మేస్త్రీ స్వామి గోడ ఎక్కి, ఇటొకటి అటొకటి వాసాలు నిలిపారు. పైన రెండు కొసలూ చక్కగా కలిశాయి. కింద మాత్రం గోడ దాటి జానెడు కూడా బయటికి రాలేదు. స్వామి ఉండబట్టలేక బావతో అనేశాడు.

"చారీ, గీ చూరు కింద పిచ్చుక గూడ తడుస్తది."

బావ మొహం మాడిపోయింది. దిగాడు. మళ్లీ ఎక్కాడు. వాసం తిరగేసి పెట్టాడు, అటు పెడితే పొడుగవుతుందేమోనని. ఇంకో వాసం తెప్పించాడు. అన్నీ ఒకే అచ్చులో కోసినవి, ఏది పెట్టినా అంతే. గోడ మందం చూశాడు, స్వామిని అనుమానించాడు, నన్ను అనుమానించాడు. చివరికి కిందికి దిగి, ఎవరి మొహమూ చూడకుండా స్వామి వైపు చెయ్యి చాపి, "టేపియ్యి" అన్నాడు. స్వామికి సరిగా వినబడలేదేమోనని నేను గట్టిగా మళ్లీ చెప్పాను, స్వామీ, బావ టేపు అడుగుతున్నాడు అని. ఆ అవకాశం నాకు మళ్లీ రాదు.

కర్ర మీద టేపు పెట్టి చూశాడు. పదిహేడున్నర అంగుళాలు. టేపు తప్పు చూపిస్తోందని అనబోయి మానుకుని, నెమ్మదిగా చొక్కా చెయ్యి మడిచి కర్రను మోచేతికి ఆనించాడు. వేళ్లు రెండంగుళాలు బయటికి వచ్చాయి. ఆ వేళ్ల వంక అలాగే చూస్తూ నిలబడ్డాడు. నిజంగా, అప్పుడు మాత్రం నాకు జాలేసింది. ఇన్నేళ్లలో ఒక్క వాసం తప్పు కోయలేదని చెప్పుకునే మనిషి.

అప్పుడే అక్క సద్దిగిన్నె పట్టుకుని వచ్చింది. గిన్నె ఇటుకల మీద పెట్టి, బావ చేతిలోని కర్ర తీసుకుని తన చేతికి ఆనించి చూపింది. మోచేతి నుంచి నడిమి వేలి దాకా, సరిగ్గా సరి.

"గిది నా మూర" అంది. "జాగ నాది, గందుకు."

స్వామి గోడ వైపు తిరిగి, లేని పని ఏదో చెయ్యడం మొదలుపెట్టాడు. బావ కర్ర వంక, ఆమె చెయ్యి వంక మార్చి మార్చి చూశాడు.

"ఎప్పుడు మార్చినవే?"

"దసరాకు. నువ్వు మొక్కినవ్ గూడ."

బావ పోయి ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. అన్నానికి రాను అన్నాడు. అక్క బతిమాలలేదు, గిన్నె మూత తీసి పక్కన పెట్టి తన పని చూసుకుంది. పచ్చిపులుసు వాసన వచ్చేసరికి బావ అలిగిన మనిషి అలిగినట్టే, అటు తిరిగి కూర్చుని, మొత్తం తిన్నాడు. తిని చెయ్యి కడుక్కుని, కొత్త కట్టె తెప్పిస్తా, అన్ని వాసాలూ మళ్లీ కోయిస్తా అన్నాడు. నేను సంతోషంగా, మద్ది నిన్ననే దిగింది బావా అనబోయాను. అక్క నా వంక ఒక్క చూపు చూసింది. కట్టె అయిపోయిందని చెప్పాను.

"తేవాల్నంటే తే, వద్దనను" అంది అక్క బావతో. "ఈసారన్న కొలిచేటప్పుడు చెయ్యి ఎవలిదో అడుగు."

ఆ మాటకు ఆయన తలెత్తి ఆమెను చూశాడు. అప్పటిదాకా కోపంగా ఉన్న మొహం కాస్త తికమక పడింది. ముగ్గు రోజు గుర్తొచ్చిందో, ఆమె గాజులు జరుపుకున్నది అప్పుడైనా కంటికి ఆనిందో. తన పాత కర్ర ఎక్కడుందని అడిగాడు. కోళ్ల గంప కింద ఊతంగా పెట్టానంది. నేనే బండి మీద పోయి తెచ్చాను. దాని మీద కోళ్లు ఉంచిన గుర్తులు చాలానే ఉన్నాయి. బావ కడిగి, ఇసుక చదును చేసి, రెండు కర్రలూ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

తన కర్రతో నాలుగు మూరల అడ్డం గీశాడు. మూడు మూరల ఎత్తు గీశాడు, చాలాసేపు చూసి, అరచేత్తో చెరిపేశాడు. రెండు మూరలే గీశాడు. దూలం దిగితే వాలు తగ్గుతుంది. వాలు తగ్గితే దూలానికీ గోడకూ మధ్య కట్టె తక్కువ పడుతుంది, మిగిలిందంతా చూరుకు పోతుంది. కోసిన వాసమంత దారం కొలిచి, దూలం చోటు నుంచి ఏటవాలుగా పరిచాడు. గోడ దాటి బయటికి వచ్చిన దారం మీద అక్క కర్ర ఆనించాడు. వేలు వెడల్పు తేడా కూడా లేదు. చూరు సరిగ్గా కొమురవ్వ మూర.

ఆయన కర్ర తీసి మళ్లీ పెట్టి చూశాడు. నన్ను కూడా రమ్మని చూపించాడు, నేను నమ్మనేమోనని. తర్వాత పెద్దగా నవ్వాడు. అక్క ఎందుకు నవ్వుతున్నావని అడగలేదు, కానీ ఆమె పెదవులు కూడా ఆగలేదు. బావ లేచి, ఇసుక దులుపుకుని, త్రికోణం గోడలు పై నుంచి ఇటుకలు తీసి ఒక మూర దించమని స్వామికి చెప్పాడు.

"ఎవల మూర చారీ?" అన్నాడు స్వామి. మామూలుగానే అడిగాడు, అక్కడ రెండు కర్రలున్నాయి కదా.

"నాది" అన్నాడు బావ.

కప్పు తగ్గింది కాబట్టి పెంకులూ కొన్ని మిగిలాయి. అవి వాపసు తీసుకోమని పెంకుల దుకాణం వాడితో బావ పడ్డ తగాదా వేరే కథ, అందులో కూడా ఆయన గెలవలేదు.

దూలం ఎత్తే రోజున పది మంది వచ్చారు. దూలానికి పసుపు రాసి, మామిడాకులు కట్టి, తాళ్లు వేసి సిద్ధంగా పెట్టారు. ఇంటికి యజమాని, కప్పుకు వడ్లాయన ఒకరే అయినప్పుడు చెయ్యి కొలిచే తంతు ఉండదని, నేరుగా దూలం లేపడమేనని బావ ఎప్పుడో అందరికీ చెప్పి ఉన్నాడు. అందుకని ముహూర్తం కాగానే స్వామి తాడు పట్టుకున్నాడు. బావ ఆగమన్నాడు. లోపలికి పోయి పీట ఒకటి పట్టుకొచ్చాడు. కొత్తది. కోసిన వాసాల కొసముక్కలు జోడించి చేసింది. అక్క సంచిలో దాచిన ముక్కలు ఎప్పుడు తీశాడో, ఎప్పుడు చేశాడో మాకెవరికీ తెలియదు, ఆమెకూ తెలియదని మొహం చూస్తేనే అర్థమైంది.

పీట వేసి అక్కను కూర్చోమన్నాడు. ఆమె అటూ ఇటూ చూసి, కొంగు సర్దుకుని కూర్చుంది. బావ కండువా నడుముకు చుట్టుకున్నాడు. పసుపు రాసిన ఆ చిన్న కర్రను రెండు చేతులా పట్టుకుని, మర్కూక్ పెద్దమనిషి ముందు వంగినంతా, నంగునూరు పొట్టాయన ముందు వంగినంతా, ఇంకాస్త ఎక్కువే వంగాడు.

"యజమానురాలా, చెయ్యి చాపుండ్రి" అన్నాడు.

కట్టుకున్న పెళ్లాన్ని 'చాపుండ్రి' అంటున్నాడని వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అక్క వినలేదు. గాజులు పైకి జరుపుకుని చెయ్యి చాచింది. కళ్లలో నీళ్లు నిండాయి, తుడుచుకోలేదు. బావ కర్రను మోచేతికి ఆనించి, అలవాటు ప్రకారం గబుక్కున చూపించి లేవబోయాడు. ఆమె రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఉరుకకు" అంది. "గన్ని చేతులు కొలిచినవ్. నాది జర మెల్లగ కొలువు."

ముహూర్తం దాటిపోతోందని స్వామి అంటూనే ఉన్నాడు. బావ ఆమె ముందు నేల మీద కూర్చుని, మోచేతి దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.